నిలబడి పాడైన బండి వేరు, తిరిగి అరిగిన బండి వేరు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నాన్నగారి 2007 మోడల్ హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. ఆయన 2022లో ఆర్‌సీ రెన్యువల్ చేయించారు. తర్వాత ఒంట్లో బాగోక బండిని పశువుల కొట్టంలో పెట్టేశారు. ఆయన పోయాక ఎవరూ దాని జోలికి వెళ్లలేదు. ఇప్పుడు కిక్ దిగట్లేదు, వెనక చక్రం తిరగట్లేదు, ట్యాంకు నిండా తుప్పు. మీ దగ్గర మెకానిక్ చూసి ఇంజిన్ దించాలి, బోరు (సిలిండర్ లోపలి గోడ) కొట్టించాలి, మొత్తం ఇరవై ఎనిమిది వేలవుతుంది అన్నాడు. నీ దగ్గర ఉన్నది పదిహేను వేలు. బాగుచేయించనా, పాత ఇనుము వాడికి ఇచ్చేయనా అని అడిగావు.

ఇవ్వొద్దు. పదిహేను వేలు చాలు. ఇరవై ఏళ్లకు పైగా విజయవాడలో ఇదే పని చేస్తున్నాను, ఇలాంటి స్ప్లెండర్లు ఎన్నో నా షెడ్డుకి వచ్చాయి. వచ్చిన ప్రతి బండి విషయంలోనూ నేను మొదట తేల్చుకునేది ఒకటే: ఇది నిలబడి పాడైందా, తిరిగి అరిగిపోయిందా? లక్ష కిలోమీటర్లు తిరిగి, పొగ కక్కుతూ, దడదడలాడుతూ మూల పడ్డ బండికి డబ్బు కావాలి. మంచిగా నడుస్తూ నడుస్తూ ఒక రోజు ఆగిపోయిన బండికి కావాల్సింది ఓపిక. ఆపిన రోజు దాకా నాన్నగారు దాని మీదే పొలం వెళ్లేవారు, పొగ కూడా లేదు అని నువ్వే రాశావు. అంటే నీది రెండో రకం. కిక్ దిగట్లేదు అన్న ఒక్క మాట మీద ఇంజిన్ విప్పించుకోకు.

ముందు కాగితాల సంగతి చూడు, ఎందుకంటే అక్కడ తేడా వస్తే మిగతా ఖర్చంతా వృథా. 15 ఏళ్లు నిండాక రెన్యువల్ ఐదేళ్లకు ఇస్తారు కాబట్టి నీ ఆర్‌సీ 2027 వరకు ఉంటుంది. ఆ తేదీ దాటనివ్వకు. కేంద్ర నిబంధనల్లో ద్విచక్ర వాహనానికి ఆలస్యమైన ప్రతి నెలకీ 300 రూపాయల అదనపు ఫీజు ఉంది. రెండేళ్లు మర్చిపోతే ఏడు వేల పైమాటే. 20 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకు 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ ఫీజు 2,000 రూపాయలు చేశారు, అది కూడా లెక్కలో వేసుకో. గ్రీన్ ట్యాక్స్ ఎంతో ఆర్టీఓ ఆఫీసులో అడుగు. బండి నాన్నగారి పేరు మీద ఉంది కనుక ఫారం 31 మీద నీ పేరుకి మార్పించుకోవాలి. మరణ ధృవీకరణ పత్రం, వారసుల వివరం అడుగుతారు. ఇన్సూరెన్స్ లేకుండా ఊరి రోడ్డు మీదకి కూడా తీయకు. ఈ బండి 97.2 సీసీ, 75 నుంచి 150 సీసీ లోపు వాటికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ. పొల్యూషన్ సర్టిఫికెట్ బండి నడిచాకే కదా, అది అప్పుడు చూసుకో.

ఇక బండి. కొట్టంలోంచి బయటికి తీసేముందు సీటు కిందా, సైడ్ డోర్ల లోపలా కర్రతో తట్టి చూడు. నేను చేయి పెట్టబోయిన చోట తేలు కనిపించింది ఒకసారి. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో ఎలుక గూడు, సైలెన్సర్ గొట్టంలో కందిరీగల మట్టిగూడు మామూలే. గడ్డివాము పక్కన పెట్రోల్ పని పెట్టుకోకు, ఆరుబయట చెట్టు నీడన పెట్టుకో.

వెనక చక్రం తిరగకపోవడం బ్రేక్ షూలు డ్రమ్ముకి పట్టేయడం వల్ల. బ్రేక్ రాడ్ చివర నట్టు పూర్తిగా వదులు చేసి, డ్రమ్ము చుట్టూ చెక్క సుత్తితో నెమ్మదిగా తట్టు. ఇనప సుత్తి వద్దు, హబ్ పగులుతుంది. బండిని న్యూట్రల్‌లో పెట్టి చక్రాన్ని ముందుకీ వెనక్కీ ఊపితే వదిలేస్తుంది. ఇంజిన్ కన్నా ముందు చక్రం ఎందుకంటే, ఆ ఇంజిన్ని కదిలించేది ఆ చక్రంతోనే.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్ తీయాలి. తీసేముందు దాని చుట్టూ ఉన్న మట్టిని బ్రష్‌తో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టు. లేకపోతే ఆ ఇసుకంతా సిలిండర్ లోపలికే పోతుంది. తర్వాత డీజిలూ ఇంజిన్ ఆయిలూ సగం సగం కలిపి ప్లగ్ రంధ్రంలోంచి ముప్పై మిల్లీలీటర్లు పొయ్యి. స్ప్లెండర్‌లో సిలిండర్ దాదాపు నేలకు సమాంతరంగా పడుకుని ఉంటుంది, పోసిన ఆయిల్ కిందివైపే నిలుస్తుంది. అందుకని ఒక్కసారి పోసి ఊరుకోకు. మర్నాడు ఇంకొంచెం పొయ్యి, ఆ మర్నాడు ఇంకొంచెం. మూడు రోజులు నాననివ్వు. ఈ మూడు రోజుల్లో కిక్ మీద కాలు పెట్టకు. పట్టేసిన ఇంజిన్ మీద ఎగిరి తంతే పిస్టన్ రింగులు విరుగుతాయి, కిక్ షాఫ్ట్ పళ్లు రాలతాయి. అప్పుడు నిజంగానే ఇంజిన్ దించాల్సి వస్తుంది.

నాలుగో రోజు ప్లగ్ బయటే ఉంచి, రంధ్రం మీద పాత గుడ్డ కప్పి, టాప్ గేర్‌లో వేసి వెనక చక్రాన్ని రెండు చేతులతో వేలెడంత ముందుకి, వేలెడంత వెనక్కి ఊపు. బలం ఉపయోగించకు. మొదట రాయిలా ఉంటుంది. ఊపుతుంటే ఎక్కడో చిన్నగా 'కిట్' మని వదులుతుంది. ఆ చప్పుడు కోసం నేను ఇప్పటికీ ఊపిరి బిగబట్టి వింటాను. వదిలాక ఒక్కో చుట్టూ నిదానంగా తిప్పుతూ పో, లోపలున్న ఆయిల్ గుడ్డలోకి చిమ్ముతుంది. సాఫీగా తిరుగుతోందని నమ్మకం కుదిరాక న్యూట్రల్ చేసి, చేత్తో కిక్ నొక్కి చూడు. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి, పక్కవాణ్ని కిక్ కొట్టమను. గాలి వేలిని నెట్టేసి తన్నుకుని బయటికి వస్తే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) ఉన్నట్టే. ఇరవై ఎనిమిది వేల అంచనాలో సగం ఇక్కడే పోయింది.

స్టార్ట్ చేయాలని చేతులు దురద పెడతాయి. ఆగు. నేను చేసిన తప్పు చెబుతాను.

పనిలో కొత్త. ఓ మాస్టారి స్ప్లెండర్, మూడేళ్లు వరండాలో ఉంది. పాత ఆయిల్ తీసి కొత్తది పోశాను, ప్లగ్ మార్చాను, రెండో కిక్‌కే అందుకుంది. మాస్టారు ఎంతో సంతోషించి నా భుజం తట్టి బండి తీసుకెళ్లారు. నాలుగో రోజు తోసుకుంటూ వచ్చారు. హెడ్ (సిలిండర్ మూత భాగం) విప్పితే వాల్వుల్ని ఆడించే కామ్ షాఫ్ట్ గీతలు పడిపోయింది, దాన్ని ఆనుకుని ఊగే రాకర్లు నీలిరంగుకి తిరిగాయి. పైకి ఆయిల్ ఎక్కలేదు. నేను కుడివైపు క్లచ్ కేస్ విప్పి చూడలేదు. విప్పి ఉంటే కనపడేది: క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) చివర గుండ్రటి డబ్బా, మూడు స్క్రూలు, దాని మూత తీస్తే లోపలి గోడకి అట్టకట్టిన నల్లటి మడ్డి. ఇంజిన్ తిరిగే వేగానికి ఆయిల్‌లోని మురికి ఆ డబ్బా గోడకి విసిరినట్టు అంటుకుంటుంది. ఈ ఇంజిన్‌కి కార్లలో లాగా మార్చే ఆయిల్ ఫిల్టర్ ఉండదు, ఇదే ఫిల్టర్. కింద ఒక జాలీ కూడా ఉంటుంది. ఏళ్ల తరబడి నిలిచిన మడ్డిని కొత్త ఆయిల్ కదిలించింది, జాలీ మూసుకుపోయింది. ఆ రిపేరు ఖర్చు నేనే పెట్టుకున్నాను. మాస్టారి ముఖం చూడలేకపోయాను.

అందుకే నీకు చెప్తున్నాను. పాత ఆయిల్ దింపు. కుడివైపు కేస్ విప్పు, గ్యాస్కెట్ కొత్తది ముందే తెచ్చుకో. ఆ డబ్బాలో మడ్డిని ఐస్‌క్రీం పుల్లతో గీకి, కిరోసిన్ గుడ్డతో తుడువు. జాలీని ఊడదీసి, కడిగి, వెలుతురుకి పట్టి చూడు, ప్రతి కన్నంలోంచీ వెలుగు రావాలి. ఎలాగూ కేస్ విప్పావు కాబట్టి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కున్నాయేమో కూడా చూడు, అతుక్కుంటే విడదీసి తుడిచి పెట్టడమే. తర్వాత 10డబ్ల్యూ30 ఆయిల్, దాదాపు 900 మిల్లీలీటర్లు. మొదటి విడతకి ఖరీదైనది కొనకు, వంద కిలోమీటర్లకే తీసేస్తావు. ప్లగ్ బయట ఉండగానే ఒక యాభై కిక్కులు కొట్టు, ఆయిల్ పైదాకా ఎక్కుతుంది. హెడ్ మీద ట్యాపెట్ మూతలు తీసి చూస్తే రాకర్లు తడిగా మెరుస్తుండాలి. మెరిస్తేనే ముందుకి వెళ్లు.

ట్యాంకు. కొత్తది కొనమంటారు, వినకు. కన్నాలు పడకపోతే పాత ట్యాంకే గట్టిది. పాత పెట్రోల్ వార్నిష్ వాసన కొడుతుంది, అది ఇంజిన్‌కి పనికిరాదు. ఓ డబ్బాలో దాచుకో, గ్రీజు పట్టిన పార్టులు కడగడానికి పనికొస్తుంది, చేలో మాత్రం పారబోయకు. ట్యాంకు కిందనున్న పెట్రోల్ ట్యాప్ విప్పేసి, ఆ కన్నాన్ని రబ్బరు బిరడాతో బిగించు. పెట్రోల్ వాసన పోయేదాకా సర్ఫ్ నీళ్లతో రెండు మూడుసార్లు కడుగు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అమ్ముతారు కదా, ముప్పావు కిలో తెచ్చి వేడినీళ్లలో కరిగించి, ట్యాంకు అంచుల దాకా నింపు. రంగు మీద కారకుండా చుట్టూ కవరు కట్టు, కళ్లలో పడనివ్వకు. ఒక రాత్రి, ఒక పగలు ఉంచు. నీళ్లు చిక్కటి చింతపండు పులుసు రంగుకి వస్తాయి. పారబోసి, టార్చి వేసి చూస్తే లోపల బూడిదరంగు రేకు కనపడాలి. ఇంకా ఎర్రగా ఉంటే గుప్పెడు చిన్న నట్లు వేసి గిలకరించి, మరో విడత నింపు.

ఇక్కడే చాలామంది చెడగొట్టుకుంటారు. కడిగిన రేకు గంటలోపే మళ్లీ తుప్పు పడుతుంది. అందుకని వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి తిప్పి కడిగి, వెంటనే మంచినీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి గాలి కొట్టి పూర్తిగా ఆరబెట్టు. ఆరీ ఆరగానే వంద మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్ల పెట్రోల్‌లో కలిపే ఆయిల్) పోసి అన్ని వైపులకీ ఒలికేలా తిప్పు. నాకు తెలిసి ఇలా చేసిన ట్యాంకులు ఏళ్ల తరబడి బాగున్నాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది. అందుకే ఇకమీదట ట్యాంకులో కొద్దిగా పెట్రోల్ ఉంచి నెలల తరబడి వదిలేయకు. పాత రబ్బరు పైపు, ట్యాప్ లోపలి వాషర్లు కూడా ఇథనాల్‌కి ఉబ్బుతాయి, వాటిని మార్చెయ్. ఖర్చు తక్కువే.

కార్బ్యురేటర్ విప్పితే అడుగున పచ్చటి జిగురు ఉంటుంది. ఎయిర్ స్క్రూ తీసేముందు లోపలికి తిప్పుతూ ఎన్ని చుట్లు వెళ్లిందో కాగితం మీద రాసుకో, మళ్లీ అంతే పెట్టాలి. జెట్లలోకి, అంటే పెట్రోల్ వెళ్లే సన్న కన్నాల ముక్కల్లోకి, సూది పెట్టకు. ఆ కన్నం వెంట్రుకంత తేడా వచ్చినా మైలేజీ పోతుంది. ప్లాస్టిక్ వైరు లోపలి రాగి పోగు ఒకటి చాలు, రాగి మెత్తన. కార్బ్ క్లీనర్ కొట్టి వెలుతురుకి పట్టి చూడు. స్లో జెట్ మూసుకుపోతే బండి స్టార్ట్ అయి, యాక్సిలేటర్ వదలగానే ఆగిపోతుంది. అలాంటి బండ్లకి బోరు పోయిందని చెప్పి డబ్బు గుంజినవాళ్లను చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కరెంటు పనికి భయపడకు. ఈ కిక్ స్టార్ట్ స్ప్లెండర్‌లో స్పార్క్ మ్యాగ్నెట్ నుంచే వస్తుంది, బ్యాటరీ లేకపోయినా అందుకుంటుంది. కాబట్టి బ్యాటరీని చివర్లో కొను. ప్లగ్‌ని క్యాప్‌లో పెట్టి, పెట్రోల్‌కీ ప్లగ్ రంధ్రానికీ దూరంగా ఇంజిన్ ఇనుముకి తాకించి కిక్ కొడితే నీలి నిప్పురవ్వ కనపడాలి. రాకపోతే ముందు వైరింగ్ మొత్తం చూడు, ఎలుక కొరికిన చోట దొరుకుతుంది. సీడీఐ (స్పార్క్‌ని నడిపించే ఎలక్ట్రానిక్ డబ్బా) కొనడం ఆ తర్వాతే.

డబ్బు ఎక్కడ పెట్టాలో ఇప్పుడు చెబుతాను. ఆగడానికి సంబంధించిన వాటిలో పెట్టు. టైరు గుబ్బలు బాగున్నాయని సరిపెట్టుకోకు. టైరు పక్కన కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని అర్థం. పక్కల సన్నటి చీలికలు కనిపిస్తే రెండూ మార్చు, ట్యూబులతో సహా. బ్రేక్ షూలు మందంగా కనిపించినా మార్చు. ఏళ్లు గడిస్తే షూ మీద అతికించిన లైనింగ్ ఊడి వస్తుంది, నడుస్తుండగా ఊడితే చక్రం బిగుసుకుంటుంది. డ్రమ్ములోని దుమ్ముని నోటితో ఊదకు, గాలి కొట్టకు, తడిగుడ్డతో తుడువు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. క్లచ్, బ్రేక్, యాక్సిలేటర్ కేబుళ్లు మూడూ కొత్తవే వెయ్యి. చైన్‌ని ఒక రాత్రి కిరోసిన్‌లో నానబెట్టి చూడు, లింకులన్నీ వంగుతుంటే దానితోనే నడుపు. వెనక పళ్లచక్రం దగ్గర చైన్‌ని వెనక్కి లాగితే పన్ను సగం బయటపడుతుంటే మాత్రం సెట్టు మార్చాల్సిందే. హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పితే మధ్యలో గడియ పడ్డట్టు ఆగుతోందంటే కోన్ సెట్ (హ్యాండిల్ బేరింగులు) పోయిందని.

పోయినేడాది ఇలాంటిదే ఒకటి చేశాను, లెక్క పుస్తకంలో ఉంది. టైర్లు, ట్యూబులు 3,400. చైన్ సెట్ 1,100. బ్రేక్ షూలు 450. బ్యాటరీ 750. ఆయిల్ రెండుసార్లకి 850. కార్బ్ కిట్, పెట్రోల్ ట్యాప్, పైపు, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ కలిపి 1,150. కేబుళ్లు 500. కోన్ సెట్, ఫోర్క్ ఆయిల్ సీల్స్ 1,000. గ్యాస్కెట్లు, బల్బులు, నిమ్మ ఉప్పు, చిల్లర 700. పది వేలకి వంద తక్కువ. పని నువ్వే చేసుకుంటే నీకూ కాస్త అటూ ఇటూగా ఇంతే. మిగిలిన ఐదు వేలల్లో కాగితాలు చూసుకో, కొంత చేతిలో ఉంచుకో. సామాన్లకి విజయవాడ వచ్చే పని ఉంటే పాత పార్టు సంచిలో వేసుకుని రా, పార్టు పక్కన పార్టు పెట్టి పోల్చి కొను. హైదరాబాద్‌లో చుట్టాలుంటే కోఠి దగ్గర పుత్లీబౌలిలో అడగమను. బ్రేక్ షూలు, కేబుళ్లు, బేరింగులు మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

రంగు వేయించకు. ఇది నా గట్టి మాట. ఈ బడ్జెట్‌లో వేసే రంగు రెండేళ్లలో పొట్టు లేస్తుంది, పైగా రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి. కంపెనీ రంగు మీద రబ్బింగ్ కాంపౌండ్‌తో ఒక ఆదివారమంతా రుద్దు, తర్వాత పాలిష్. క్రోమ్ రిమ్ముల మీది తుప్పుకి అన్నం చుట్టే అల్యూమినియం కాగితం ఉండచుట్టి, నీళ్లలో ముంచి రుద్దితే వస్తుంది. హ్యాండిల్ కింద ఫ్రేమ్ మీద ఛాసిస్ నంబరు ఉన్న చోట మాత్రం ఉప్పుకాగితం పెట్టకు. ట్యాంకు మీద నాన్నగారి మోకాళ్లు తగిలి మెరుపు పోయిన రెండు మచ్చలు ఉంటాయి చూడు. వాటిని పోగొట్టుకున్నవాళ్లు తర్వాత బాధపడటం నేను చూశాను.

మొదటిసారి స్టార్ట్ అయినప్పుడు సైలెన్సర్‌లోంచి తెల్లగా దట్టంగా పొగ వస్తుంది. కంగారు పడకు, నువ్వు పోసిన ఆయిలే కాలుతోంది. పావుగంట, ఇరవై నిమిషాలు ఆరుబయట నిదానంగా నడవనివ్వు. తర్వాత కూడా యాక్సిలేటర్ ఇచ్చినప్పుడల్లా నీలిపొగ వస్తూనే ఉంటే రింగులో, బోరో అరిగినట్టు. అప్పుడైనా ఇంజిన్ మొత్తం దించక్కర్లేదు. ఈ బండికి హెడ్డూ, సిలిండర్ ఉండే బ్లాకూ ఇంజిన్ ఫ్రేములో ఉండగానే ఊడొస్తాయి. ఆ బ్లాకుని సంచిలో వేసుకుని ఆటోనగర్‌లో మంచి లేత్ వర్క్స్‌కి తీసుకెళ్లి కొలిపించు. 0.25 మిల్లీమీటర్లు పెద్ద సైజు పిస్టన్‌తో తేలిపోవచ్చు. బోరు కోలగా అరిగి ఉంటే ఉత్త రింగులు మార్చి ఇస్తామనేవాళ్లని మాత్రం నమ్మకు, నెలకే మళ్లీ పొగ మొదలవుతుంది.

మొదటి వంద కిలోమీటర్లు నలభై స్పీడు దాటకు, ఊరి చుట్టుపక్కలే తిరుగు. ఆ తర్వాత ఆయిల్ మార్చి, స్పోకులు ఒక్కొక్కటీ పానాతో తట్టు. 'టింగ్' మనకుండా మొద్దుగా పలికినవి బిగించాలి.

ముందు ఆ మూడు రోజుల నానబెట్టే పని మొదలుపెట్టు. నాలుగో రోజు చక్రం ఊపినప్పుడు ఎంతవరకు కదిలిందో, ప్లగ్ ఏ రంగులో ఉందో రాయి. పొడి నలుపా, తడి నలుపా, ఇటుకరంగా అన్నది చూసి తర్వాత ఏం చేయాలో చెబుతాను.